చున్నీలు పోషించిన రామాయణం

శ్రీకాళహస్తిలో, కలంతో గుడ్డ మీద బొమ్మలు వేసే కలంకారీ పని జరిగే ఏ ఇంటికి వెళ్ళినా రెండు రకాల గుడ్డలు కనిపిస్తాయి. నెలల తరబడి పనిలో ఉండి, ఒక్కో దశ పూర్తయ్యాక మడతపెట్టి బీరువా మీదకు చేరే పెద్ద గుడ్డ ఒకటి. అందులో రామాయణమో, భారతమో, దశావతారాలో ఉంటాయి. వారం తిరిగేసరికి అమ్ముడుపోయి, దండెం మీద మరొక వరుసకు చోటిచ్చే చున్నీలు, చీర కొంగులు, జాకెట్టు ముక్కలు రెండో రకం. ఇంటికి వచ్చినవాళ్ళకు మొదటిదాన్ని విప్పి చూపిస్తాం, రెండోదాన్ని అమ్మి ఇంటి అద్దె కడతాం. పెద్ద గుడ్డ పట్టిన ప్రతిసారీ ఈ రెండింటి మధ్య నా పొద్దు ఎలా పంచబడుతుందో, ఈ మధ్య పూర్తిచేసిన ఒక రామాయణం ఆర్డరును ఆధారం చేసుకొని రాస్తున్నాను.

నేను ఈ పనిలోకి రంగులు నింపే మనిషిగా వచ్చాను. 1950ల చివర, హస్తకళలను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ గారి చొరవతో మా ఊళ్ళో శిక్షణ కేంద్రం ఏర్పడి, జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు అక్కడ పాఠం చెప్పకపోతే, అప్పటికే చేతులు తగ్గిపోయిన ఈ పని ఆ తరంతోనే ఆగిపోయేదని మా పెద్దలు చెబుతారు. ఆయన కుమారుడు గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. నా గురువు ఆ కేంద్రంలో నేర్చుకున్నవారి దగ్గర నేర్చుకున్నారు. ఆయన గీత గీస్తే మేము నలుగురైదుగురు ఆడవాళ్ళం పటికా, పసుపూ నింపేవాళ్ళం. గీత మీద చెయ్యి పెట్టనివ్వడానికి ఆయన చాలా ఏళ్ళు తీసుకున్నారు. అప్పట్లో అది పిసినారితనంలా అనిపించేది కానీ, ఇప్పుడు నా దగ్గర పనిచేసే అమ్మాయిల విషయంలో నేనూ అలాగే ఉన్నాను.

ఆర్డరు ఇచ్చింది అమెరికాలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం. కొత్త ఇంట్లో పూజగది పక్క గోడకు పట్టాభిషేకం మధ్యలో ఉండి, చుట్టూ చిన్న చిన్న గళ్ళలో బాలకాండ నుంచి యుద్ధకాండ దాకా కథ నడిచే గుడ్డ కావాలన్నారు. గళ్ళ పైన సన్నని పట్టీలో తెలుగు అక్షరాలతో కథ రాయాలని కూడా వాళ్ళే అడిగారు. ఈ రోజుల్లో ఆ మాట అడిగేవాళ్ళు అరుదు కాబట్టి నాకు వెంటనే మనసు కుదిరింది. తరువాత ఒక్కొక్కటిగా మిగిలిన కోరికలు బయటికొచ్చాయి. గృహప్రవేశం ముహూర్తానికి గుడ్డ చేరాలి, రాముడు కాస్త తెల్లగా ఉండాలి, పాల వాసన రాకూడదు. వీటిలో దేనికి ఒప్పుకోవాలో, దేన్ని కాదనాలో తేల్చడానికి రెండు మూడు ఫోన్లు పట్టింది. పాల వాసన కొన్నాళ్ళకు తగ్గుతుంది, పూర్తిగా పోగొట్టాలంటే పాలు మానెయ్యాలి, పాలు మానేస్తే రంగు గీత దాటి పాకుతుంది అని వివరించగానే వాళ్ళు అర్థం చేసుకున్నారు. రాముడి విషయంలో మాత్రం ఆ ఇంటి పెద్దావిడ, "మా ఇంట్లో పటంలో రాముడు ఇట్లా నీలంగా ఉండడమ్మా" అని పట్టుబట్టారు. మా పనిలో రాముడు, కృష్ణుడు నీలం, హనుమంతుడు ఆకుపచ్చ, రాక్షసులు ఎరుపు, స్త్రీలు పసుపు. చదువు రాని మనిషి కూడా దూరం నుంచి చూసి ఎవరు ఎవరో పోల్చుకోవడానికి ఏర్పడిన పద్ధతి అది. ఒక్కరి రంగు మారిస్తే గుడ్డ మొత్తం కథ చెప్పడం మానేస్తుంది. ఆ మాటే చెప్పి, నీలం ఛాయను లేతగా ఉంచుతానని మాటిచ్చాను. ముహూర్తం మాత్రం నా చేతిలో లేదని, వానలను బట్టి ఉంటుందని ముందే అన్నాను. సగం సొమ్ము అడ్వాన్సుగా పంపారు.

పెద్ద గుడ్డకు పని మొదలయ్యేది గుడ్డ దగ్గరే. గాడా గుడ్డకు, అంటే ముతక నూలు గుడ్డకు, ఉన్న గంజి పోయేలా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి, పిండి, ఎండలో ఆరెయ్యాలి. చిక్కటి పాలు కావాలి. ఆ వెన్నే రంగును పట్టి ఆపుతుంది. కరక్కాయలోని వగరు తరువాత నల్లరంగుకు పట్టు ఇస్తుంది. ప్యాకెట్ పాలతో పని కానిచ్చేవాళ్ళున్నారు. చున్నీల వరకు నేనూ కొన్నిసార్లు అలా చేస్తాను. రామాయణానికి మాత్రం పాలమ్మే ఆయన దగ్గర ముందే చెప్పి తీసుకున్నాను. ఖర్చు తగ్గించడానికి ఎక్కడ చోటుంది, ఎక్కడ లేదు అన్న లెక్క నాకు ఈ మొదటి గిన్నె దగ్గరే మొదలవుతుంది. చున్నీ ఏడాదో రెండేళ్ళో కట్టి పక్కన పెట్టే వస్తువు, గోడ మీది గుడ్డ వాళ్ళ మనవళ్ళ దాకా ఉండవలసినది.

నల్లరంగుకు కుండ అంతకు ముందే పెట్టి ఉండాలి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, మేకులు, నల్లబెల్లం, తాటిబెల్లం నీళ్ళలో వేసి ఇరవై రోజుల వరకు ఊరనిస్తే, పులిసిన వాసనతో కసిమి తయారవుతుంది. అది కుండలో చూస్తే నల్లగా ఉండదు, పలచని కషాయంలా ఉంటుంది. చింత బరికె కాల్చిన బొగ్గుతో బొమ్మల రేఖలు వేసుకొని, వాటి మీద కలంతో కసిమి గీత లాగుతాం. వెదురు పుల్ల కొనను చెక్కి, మొన నుంచి కాస్త పైగా గుడ్డ పేలిక చుట్టి, దారంతో బిగించి కట్టినదే కలం. రంగులో ముంచాక పేలిక దాన్ని పీల్చుకుంటుంది, బొటనవేలితో నొక్కిన కొద్దీ మొన మీదకు దిగుతుంది. నొక్కు ఎక్కువైతే చుక్క పడుతుంది, తక్కువైతే గీత తెగుతుంది. కరక్కాయ పట్టిన పసుపు గుడ్డ మీద గీత మొదట బూడిద రంగులో కనిపించి, మనం చూస్తుండగానే నల్లబడుతుంది. నాకు ఇన్నేళ్ళ తరువాత కూడా పనిలో బాగా ఇష్టమైన క్షణం ఇదే. పడిన చుక్కను చెరపడం కుదరదు కాబట్టి దాన్ని ఒక ఆకునో, మొగ్గనో చేసి పక్కన జత కూర్చుతాం. మా గుడ్డల్లో ఖాళీ లేకుండా పూలూ లతలూ ఉండడానికి సౌందర్యమొక్కటే కారణమని పుస్తకాలు రాసేవాళ్ళు అనుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు.

పట్టాభిషేకం గీత పూర్తయ్యేసరికి అడ్వాన్సులో పెద్ద భాగం గుడ్డకు, పాలకు, ఇంటి ఖర్చులకు అయిపోయింది. పెద్ద గుడ్డలో ఇబ్బంది అంతా ఇక్కడే ఉంటుంది. రంగుల ఖర్చు అందరూ అనుకున్నంత ఉండదు. నెలల తరబడి చెయ్యి ఆడుతూ డబ్బు రాకపోవడమే అసలు ఖర్చు. కాబట్టి పొద్దున రామాయణం, మధ్యాహ్నం నుంచి చున్నీలు అని పొద్దు పంచుకున్నాను. తాజా కళ్ళు, తాజా చెయ్యి గీతకు కావాలి. మధ్యాహ్నం తరువాత అమ్మాయిలతో కలిసి నెమళ్ళూ, చిలకలూ, కల్పవృక్షమూ వేసుకోవచ్చు. నెమలిని ఎన్నిసార్లు వేశానో నాకు లెక్క లేదు. విసుగు రాదా అని అడుగుతారు. వస్తుంది. అయినా ఆ నెమళ్ళ దగ్గరే నా దగ్గర చేరిన అమ్మాయిలకు చెయ్యి కుదురుతుంది, ఆ నెమళ్ళ డబ్బుతోనే శనివారం వాళ్ళ కూలి ఇస్తాను. రామాయణం మీద కొత్త చెయ్యి పెట్టనివ్వను.

చున్నీల పనిలోనూ నాకు కొన్ని పట్టింపులున్నాయి. నగరంలో బట్టల దుకాణాలు నడిపేవాళ్ళు ఎక్కువగా అడిగేది బుద్ధుడి ముఖం, రాధాకృష్ణుల ముఖాలు, పెద్ద కళ్ళ ఆడవాళ్ళు. కొంగు మీద వేయమంటే వేస్తాను. చీర కుచ్చిళ్ళ అంచున, పైజామా మీద, దిండు గలీబు మీద దేవుడి ముఖం వేయమంటే వేయను. ఒకసారి కాళ్ళు తుడుచుకునే పట్ట మీద గణపతి కావాలని అడిగినవారూ ఉన్నారు. ఈ పట్టింపు వల్ల పోయిన ఆర్డర్లు పక్క వీధికి వెళ్ళాయని నాకు తెలుసు. వాళ్ళను తప్పు పట్టను, పిల్లల ఫీజులు వాళ్ళకూ ఉన్నాయి.

ఎరుపు వేసే దశలో నీళ్ళ సమస్య వస్తుంది. ఎరుపు రావలసిన చోటల్లా ముందు పటిక నీళ్ళు పూయాలి. పూసిన చోటు కంటికి సరిగా కనబడదు కాబట్టి గళ్ళ వరుస గుర్తుపెట్టుకొని పూసుకుంటూ పోవాలి. రెండు మూడు రోజులు ఆరనిచ్చి, ఎక్కువైన పటిక పోయేలా పారే నీళ్ళలో గుడ్డ జాడించాలి. నిలవ నీళ్ళలో ముంచితే వదిలిన పటిక పక్క గళ్ళకు అంటి, తరువాత అక్కడా ఎరుపెక్కుతుంది. మా పెద్దలకు స్వర్ణముఖి నది ఉండేది. నడుము లోతు నీళ్ళలో నిలబడి గుడ్డ వదిలితే ప్రవాహమే జాడించేదని మా గురువు చెప్పేవారు. ఇప్పుడు ఏడాదిలో ఎక్కువ కాలం నదిలో ఇసుకే. గుడ్డలు మూటగట్టి, ఆటోలో పక్క పల్లెకు తీసుకెళ్ళి, పొలంలో మోటారు వేసినప్పుడు కాలువలో జాడించుకొని వస్తాం. రైతుకు ఎంతో కొంత ఇస్తాం, ఆటోకు ఇస్తాం, ఒక పూట పని పోతుంది. పైగా అన్ని బోర్ల నీళ్ళూ ఒకటి కావు. ఉప్పు నీళ్ళలో జాడించిన గుడ్డకు ఎరుపు మందంగా, ఇటుక పొడిలా వస్తుంది. చున్నీ అయితే దాన్ని మరొక రంగుగా చెప్పి అమ్మవచ్చు. రామాయణానికి మాత్రం నాకు నమ్మకమున్న బావి దూరంగా ఉంది, కరెంటు ఇచ్చే వేళలు చూసుకొని అక్కడికే వెళ్ళాను.

జాడించి ఆరిన గుడ్డను రాగి గుండిగలో మంజిష్ఠ వేరు ఉడికిన నీళ్ళలో వేసి, కట్టెల పొయ్యి మీద గంటల తరబడి కర్రతో తిప్పుతూ ఉండాలి. తిప్పడం ఆగితే మడత ఉన్నచోట మచ్చ పడుతుంది. పటిక ఉన్న చోట ఎరుపు పట్టుకుంటుంది, లేని చోట లేత గులాబీ జీర మాత్రం ఉంటుంది. ఆ జీర పోవడానికి పేడ నీళ్ళలో నానబెట్టి, మరునాడు ఇసుక మీద పరిచి, ఆరకుండా నీళ్ళు చల్లుతూ ఎండకు పెట్టాలి. బొమ్మల వెనక గుడ్డ తెల్లబడ్డాక పసుపు పాకకుండా మళ్ళీ పాలు పట్టాలి. ఇదంతా చదివినవాళ్ళకు విసుగ్గా ఉండవచ్చు, కానీ మేము ధర చెప్పగానే "గుడ్డకు ఇంతా?" అనే వారికి నేను ఈ వరుస అంతా ఒకసారి చెబుతాను, సగం మంది మధ్యలోనే బేరం ఆపేస్తారు.

అక్టోబరులో పట్టుకున్న వాన నవంబరు దాకా వదల్లేదు. మా వైపు అసలు వానలు అప్పుడే. ఎండ లేకపోతే పాలు పట్టిన గుడ్డ ఆరక కుళ్ళు వాసన వేస్తుంది, కాబట్టి రామాయణాన్ని మూటగట్టి పైన పెట్టేశాను. ముహూర్తానికి అందదని అమెరికాకు ఫోన్ చేసి చెప్పాను; వాళ్ళు కాస్త నొచ్చుకున్నారు కానీ ఆర్డరు వదులుకోలేదు. ఆ రోజుల్లోనే అప్పు కోసం తిరిగాను. 2023లో కేంద్రం మొదలుపెట్టిన విశ్వకర్మ పథకంలో 5 శాతం వడ్డీకి మొదట లక్ష రూపాయల వరకు ఇస్తారని విని ఆశగా వెళ్ళాను. అందులో 18 వృత్తులున్నాయి. కుమ్మరి, కమ్మరి, దర్జీ, మంగలి, బట్టలు ఉతికేవారు, బొమ్మలు చేసేవారు ఉన్నారు, కలంకారీ లేదు. కౌంటరులో ఉన్న అబ్బాయి మర్యాదగానే, "దర్జీ కింద పెట్టుకోండమ్మా, కుట్టుమిషను ఉంది కదా" అన్నాడు. వద్దని చెప్పి వచ్చేశాను. హస్తకళాకారుల గుర్తింపు కార్డు నా దగ్గర ఉంది, దానివల్ల ప్రదర్శనల్లో స్టాలు దొరుకుతుంది. రోజువారీ పెట్టుబడికి మాత్రం చివరికి మా పొదుపు సంఘం డబ్బే ఆదుకుంది.

వానలు తగ్గే లోపు మరొక దెబ్బ తగిలింది. ఒక నగరంలోని దుకాణదారుకు అంతకు ముందు నమూనాగా ఇచ్చిన చున్నీ డిజైను, యంత్రం మీద అచ్చు వేసిన గుడ్డగా నాకే తిరిగి కనిపించింది. మా బంధువుల పెళ్ళిలో ఒకామె అది కట్టుకొని వచ్చింది. చిలక ముక్కు దగ్గర నేను చుక్కను మొగ్గగా మార్చిన చోటు కూడా అలాగే అచ్చయి ఉంది. కొన్నది ఎంతకని అడిగితే నా చున్నీ ధరలో నాలుగో వంతు కూడా లేదు. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పేరుతో యంత్రపు అచ్చు అమ్మకూడదు. అయితే ఆ గుర్తింపు కాగితం తనంతట తాను వెళ్ళి ఎవరినీ పట్టుకోదు. సొమ్మూ తీరికా ఉన్నవాళ్ళెవరో ఫిర్యాదు పట్టుకొని తిరగాలి. నేను తిరగలేదు. నమూనా ఇవ్వడం మానేసి, పని చూడాలన్నవారిని ఇంటికి రమ్మంటున్నాను. కొనేవారికి మాత్రం ఒకటి నేర్పుతాను: గుడ్డ తిరగేసి చూడండి. చేత్తో వేసినదానికి రంగు వెనక్కి దిగి ఉంటుంది, ఒకే నెమలి రెండు చోట్ల ఉంటే రెండింటి మెడ వంపూ ఒకటిగా ఉండదు.

డిసెంబరు ఎండల్లో పసుపు, నీలం త్వరగానే సాగాయి. కరక్కాయ పువ్వు ఉడికించిన పసుపు నింపి, దాని మీద నీలిమందు పడిన చోట ఆకుపచ్చ వచ్చి హనుమంతుడు తేరుకున్నాడు. రాముడికి నీలం పలచగా వేసి ఒక పూట ఆగి, సరిపోదనిపించి మళ్ళీ వేశాను. ఒప్పుకున్నదానికంటే కాస్త ముదురుగానే వచ్చింది. లేతగా వదిలేస్తే చుట్టూ ఉన్న ఎరుపులో సింహాసనం మీది రాముడు వెనక్కి పోతున్నాడు. ఆ నిర్ణయం డబ్బు ఇచ్చేవారిని అడగకుండా తీసుకున్నాను, ఫొటో పంపినప్పుడు కారణం రాశాను. పెద్దావిడ ఫోన్ చేసి, "నీలంగానే వేశావు కదమ్మా, సరేలే, కళ్ళు బాగున్నాయి" అన్నారు.

మిగిలిన సొమ్ము అందాక పుస్తకం తీసి కూర్చున్నాను. గుడ్డ, పాలు, కట్టెలు, ఆటోలు, కూలి పోగా మిగిలినదాన్ని నేను కూర్చున్న రోజులతో భాగిస్తే, మా వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రీ దగ్గర ఇటుకలు మోసే మనిషి రోజుకూలి కంటే తక్కువ వచ్చింది. చున్నీలకు అదే లెక్క వేస్తే దాదాపు రెట్టింపు ఉంది. మా ఆయన పుస్తకం చూసి ఏమీ అనలేదు. ఈ లెక్క ఆయనకు కొత్త కాదు. ఇంకా పెద్ద ధర చెప్పవచ్చు కదా అంటారు. చెప్పవచ్చు, పేరున్న కళాకారులు చెబుతారు, వాళ్ళ వెనక అవార్డు ఉంటుంది. నా పేరుకు ఈ ఊరు దాటితే విలువ లేదు, కాబట్టి ధర పెంచిన కొద్దీ ఆర్డర్ల మధ్య ఎడం పెరుగుతుంది.

ఈ లెక్క చూశాక కొన్ని పద్ధతులు మార్చుకున్నాను. పెద్ద గుడ్డకు అడ్వాన్సు సగం అని కాకుండా గీత పూర్తయినప్పుడు ఒక భాగం, ఎరుపు పూర్తయినప్పుడు ఒక భాగం అని విడదీసి అడుగుతున్నాను. దశ దశకూ ఫొటో పంపుతాను కాబట్టి కొనేవారికీ భరోసా ఉంటుంది. ముహూర్తాలకు మాట ఇవ్వడం లేదు. సహజ రంగులతో చిక్కటి పాలు పట్టి చేసిన చున్నీలకూ, ప్యాకెట్ పాలతో, తక్కువ ఉతుకులతో చేసిన చున్నీలకూ వేరు వేరు చీటీలు కట్టి, వేరు వేరు ధరలు రాస్తున్నాను. రెండో రకం ఎక్కువ అమ్ముడవుతున్నా, చీటీ చదివి మొదటిదాన్ని ఎంచుకునే వాళ్ళు అనుకున్నదానికంటే ఎక్కువే ఉన్నారు. పెద్ద గుడ్డ ఏడాదికి ఒకటికి మించి ఒప్పుకోవడం లేదు.

ఈ ఏడాది ఒప్పుకున్నది ఎవరూ ఇచ్చిన ఆర్డరు కాదు. సాలీడు, పాము, ఏనుగు, చివర కన్నప్ప, అంతా మా ఊరి కథే. గుడి ముందే బతుకుతూ దాన్ని పెద్ద గుడ్డ మీద పూర్తిగా ఎప్పుడూ వేయలేదు. కొనేవారు ఎవరో తెలియదు. దసరా చున్నీల ఆర్డరు సొమ్ము వచ్చిన రోజే పక్కన తీసిపెట్టిన డబ్బుతో గాడా గుడ్డ కొన్నాను, కసిమి కుండ పెట్టాను. నా దగ్గర పనిచేసే అమ్మాయి, "ఎవురికక్కా ఇది?" అని అడిగింది. వానలు పట్టేలోపు గీత అయిపోవాలి, పొద్దున్నే రమ్మని చెప్పాను. ఆమెను ఈసారి ఏనుగు గళ్ళకు అంచు గీతల మీద కూర్చోబెడుతున్నాను.